చెత్త కోసం మునిగేవారికి ఉచిత సలహాలు

విశాఖలో రుషికొండ దగ్గర సెలవు రోజు పొద్దున్నే సముద్రంలోకి దిగి, అడుగున పేరుకున్న చెత్తను ఏరుకొచ్చే స్కూబా డైవర్ల గురించి మీరు వినే ఉంటారు. జీతం లేదు, బత్తెం లేదు. మీకూ అలాంటి బుద్ధి పుట్టినట్టయితే, ఒడ్డున కుర్చీ వేసుకుని ఇలాంటి కార్యక్రమాలు నడిపించే పెద్దమనిషిగా నాలుగు ముక్కలు చెబుతాను. నీళ్ళలోకి మాత్రం నేనెప్పుడూ దిగలేదు. తడిస్తే మైకు పట్టుకోలేం.

ముందు ముహూర్తం. అంతర్జాతీయ తీర శుభ్రతా దినం సెప్టెంబరు మూడో శనివారం వస్తుంది. మనకది వానల కాలం. ఊళ్ళోని గెడ్డలన్నీ బురదనీళ్ళు తెచ్చి సముద్రంలో పోస్తుంటాయి, చాచిన చెయ్యి కూడా కనబడకపోవచ్చు. నీళ్ళు తేటపడ్డాక దిగుదామని డైవర్లు గునుస్తారు. ముఖ్య అతిథి డేటు ఇచ్చాక నీళ్ళదేముంది?

ఇక లెక్కలు. 2011లో ప్రాజెక్ట్ అవేర్ అనే సంస్థ ‘డైవ్ అగెయిన్‌స్ట్ డెబ్రీ’ అని ఒక సర్వే మొదలుపెట్టి డైవర్లను పాడుచేసింది. దొరికిన ప్రతి వస్తువునూ రకాలవారీగా లెక్కపెట్టాలట. ఎక్కడ, ఎంత లోతున, ఎంతసేపు వెతికితే దొరికిందో రాయాలట. మళ్ళీ మళ్ళీ అదే చోట దిగాలట. ఏమీ దొరక్కపోతే, దొరకలేదని కూడా రాసి పంపాలట! అంత చాదస్తం మనకొద్దు. గుట్కా ప్యాకెట్లెన్ని, షాంపూ సాచెట్లెన్ని, వల ముక్కలెన్ని అని విడదీసి, నెలనెలా రాసుకుంటూ పోతే, ఏ సరుకు ఎటునుంచి వస్తోందో తెలిసిపోయే ప్రమాదముంది. తెలిశాక ఎవరో ఒకరిని అడగాలి. అడిగితే వాళ్ళు మన కార్యక్రమానికి టీషర్టులు ఇవ్వడం మానేస్తారు. అంతా కలిపి ‘చెత్త’ అనండి, తడి ఇసుకతో సహా కాటా వేయండి, వచ్చిన అంకెను పత్రికలకు ఇవ్వండి.

అన్నిటికన్నా ఫొటోకు బాగుండేది వల. రాతిగుట్టలకు చుట్టుకుపోయిన నైలాన్ వల ఏళ్ళ తరబడి చివకదు, పని మానదు. అందులో చిక్కిన చేప చస్తే దాన్ని తినడానికి పీత వస్తుంది, ఆ పీతా చిక్కుతుంది. ఈ వలలు ఎక్కడ పోయాయో జాలరిపేటలో అడిగితే చెబుతారు, ఎందుకంటే కావాలని వల పారేసుకునే జాలరి ఉండడు. రాయికి పట్టేసో, పెద్ద బోటు లాక్కుపోయో నష్టపోతాడు. అయినా అడగకండి. వేదిక మీద వాళ్ళనే తిట్టాల్సి ఉంటుంది, ముఖపరిచయం ఉంటే మొహమాటం.

వల కోయడానికి విడిగా శిక్షణ ఉంది, మీకు అక్కర్లేదు. జతగాడిని దూరంగా పంపేయండి, ఫొటోలో అడ్డం. కత్తి ఒకటి చాలు. అది జారిపోతే పళ్ళున్నాయి. కోసిన వలను చేతికి చుట్టుకుని లాగండి. నాలుగు నుంచి ఏడు కిలోలు దాటిన బరువును పైకి పంపడానికి లిఫ్ట్ బ్యాగు అని గాలి సంచి వాడతారు. అదెందుకు దండగ? చెత్త సంచిని నడుముకు కట్టుకుని, ఒంటిమీది జాకెట్‌లోకే గాలి కొట్టండి. ముడి ఊడి సంచి కిందికి జారిందంటే మీరు తారాజువ్వలా లేస్తారు. పది మీటర్ల లోతున పీడనం ఒడ్డుమీదకన్నా రెండింతలు. అక్కడ పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలుగా ఉబ్బుతుంది, జాకెట్‌లోదీ ఉబ్బుతుంది, ఊపిరి బిగబడితే ఊపిరితిత్తుల్లోదీ ఉబ్బుతుంది. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి రావడం తీరిక ఉన్నవాళ్ళ అలవాటు. కెమెరా పైన ఉంది.

సీసా దొరికితే లోపల పీతో, చిన్న ఆక్టోపసో కాపురం ఉందేమో చూస్తూ కూర్చోకండి, మూత బిగించి సంచిలో వేయండి. స్పాంజీలు, గుల్లలు పట్టి గుట్టలో భాగమైపోయిన టైరును చూసి వదిలేసేవాళ్ళున్నారు, పాపం మెతక మనుషులు. గునపం తీసుకెళ్ళండి. మూత వేసి ఉన్న డ్రమ్ము కనబడితే, లోపలేముందో ఊపి చూడండి.

ఒడ్డుకు చేరాక ఈ వల ఎక్కడికి పోవాలో ముందే కార్పొరేషన్‌తో మాట్లాడుకోవాలని కొందరంటారు. ఫొటో అయ్యాక ఇసుక మీద కుప్పపోసి భోజనాలకు పదండి. శీతాకాలం మొదలుకొని ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుకే ఎక్కి వస్తాయి, ఏదో వాటి తంటాలు అవి పడతాయి. రాత్రి పోటు వచ్చిందంటే కుప్పను సముద్రమే మోసుకుపోతుంది. లారీ బిల్లు మాత్రం పెట్టడం మరవకండి.