పాట వినుటయా, పెట్టె వినుటయా

మా యింట పాటకన్న పెట్టెకే మర్యాద యధికమన్న రహస్యము వీధివారికందఱికిని తెలిసిన పిదపనే నాకు తెలిసినది. జనగామలో రైలుకట్టకు చేరువనున్న మా మేడగదిలో, గోడలకు మందపు తెరలు వ్రేలాడదీసి, మానుకోటనుండి తెప్పించిన నల్లరాతి పలకలపై రెండు స్పీకర్లను ప్రతిష్ఠించి, వానికిని నా కుర్చీకిని నడుమ దూరమును టేపుతో కొలిచి నేలపై సుద్దగీతలు గీచికొని, 1974లో కన్నుమూయుటకు ముందు ఘంటసాలవారు పాడిపెట్టిన భగవద్గీతను పెట్టుదును. పెట్టి, రెండు శ్లోకములు సాగకమునుపే లేచి యెడమ స్పీకరును అంగుళము జరుపుదును. ఇన్నేండ్లలో అర్జునుడు విల్లు దింపిన ఘట్టము దాటి ముందునకు పోయిన జ్ఞాపకము లేదు.

మనుష్యుని చెవికి 20 హెర్ట్జులు మొదలు 20,000 వఱకే ప్రాప్తము. ఏబది దాటిన నావంటివానికి పైమెట్లు ఒక్కటొక్కటిగా ఊడిపోవును. అట్లయ్యు 40,000 వఱకు పలుకు స్పీకర్లు కొంటిని. ఆ పైభాగమును పెరటి చింతచెట్టు గబ్బిలములు ఆస్వాదించుచుండవచ్చును.

ఇదే వ్యాధితో తీసికొనుచున్న మానుకోట మిత్రుడొకడు, "అన్నా, మనకొచ్చేది చెల్పూరు బొగ్గు కరెంటు, అందుకే తంబురకు మసి వట్టినట్టున్నది. సాగర్ నీళ్ల కరెంటయితే నాదం సల్లగుంటది" అని నిదానించినాడు. భూపాలపల్లి చెంత చెల్పూరులో 500, 600 మెగావాట్ల యంత్రములు పుట్టించు విద్యుత్తు తీగలోనికి వచ్చిన పిమ్మట సాగరు విద్యుత్తుతో కలిసిపోవుననియు, ఏది యెవరిదో విధాతయు విడదీయజాలడనియు ఎఱిగియుండియు, నాలుగు రాత్రులు తంబురలో మసికై చెవియొగ్గి కూర్చుంటిని. జపానులో కొందఱు రసికులు స్తంభమును, ట్రాన్స్‌ఫార్మరును సొంతముగా పాతించుకొనిరని చదివి, మా సందులో చోటు వెదకిన మాటయు దాచను.

భూపాలపల్లి సింగరేణి గనిలో పనిచేయు మా బావమఱది పండుగకు వచ్చి, గంటసేపు నా వినికిడి పరీక్షలకు వినయముతో కూర్చుండి, తుదకు, "బావా, పాటెప్పుడు వెడ్తవు?" అనినాడు.

"మీ బావ పాట ఇనడు తమ్మీ, పెట్టె ఇంటడు" అని వంటయింటినుండి మా యావిడ.

ఆ రాత్రియే అతడు నన్ను ఒగ్గుకథకు లాగికొనిపోయెను. ఒగ్గుకథకు దేశమంతటను పేరు తెచ్చి 2017లో కీర్తిశేషుడైన చుక్క సత్తయ్యగారి మాణిక్యపురము మా జిల్లాలోనిదే యైనను, నేనట్టి కథ కూర్చుండి విని ముప్పదియేండ్లు. వేపకొమ్మకు కట్టిన లౌడుస్పీకరు కీచుమనుచున్నది. మైకునకు జలుబు చేసినట్లున్నది. మొదటి పావుగంట నేను లోపములే లెక్కించితిని. పిదప డోలు దెబ్బ రొమ్ములోనికి దిగెను, తాళములు అందుకొనెను, మల్లన్న గుఱ్ఱమెక్కెను. లెక్క ఎచ్చట తప్పినదో యెఱుగను. కోడి కూసినది.

తిరిగి వచ్చుచు బావమఱది, "ఎట్లున్నది బావా?" అని యడిగెను.

"మంచిగున్నది గని, డోలు ఎడమదిక్కు జరంత ఎక్కువైంది" అంటిని.