చెప్పులకూ హాజరు వెయ్యాలి

దేశంలో పనిచేసే వందమందిలో దాదాపు 46 మంది ఎవుసాన్నే నమ్ముకున్నారు. దేశాదాయంలో ఆ రంగం వాటా మాత్రం 18 శాతం దగ్గరే ఉంది. లెక్క కడితే, మిగతా రంగాల్లో ఒక్కో మనిషి సృష్టించే విలువలో పొలం మీది మనిషిది నాలుగో వంతు. ఆర్థికవేత్తలు దీన్ని తక్కువ ఉత్పాదకత అంటారు. ఏసీ గదుల్లో కూచున్నవాళ్ల చెవికి అది ‘రైతు బద్ధకస్తుడు’ అని వినబడుతుంది.

మందూ వాళ్లే చెప్పారు. యువకులు వారానికి 70 గంటలు పనిచెయ్యాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు అన్నారు. ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి మాట 2025 జనవరిలో బయటికొచ్చింది: 90 గంటలు, ఆదివారంతో సహా. ఇంట్లో కూచుని ఎంతసేపని భార్య మొహం చూస్తారట!

మా దేవరుప్పుల మండలానికి ఇది కొత్త సిద్ధాంతమేం కాదు. ఒకప్పటి మా దొర విస్నూరు దేశ్‌ముఖ్ అసలు గంటలే లెక్కపెట్టలేదు. పిలిస్తే రావాలి, పొమ్మనేదాకా చెయ్యాలి, కూలి ఊసెత్తొద్దు. వెట్టి అన్నారు దాన్ని. అంత చవకైన మానవ వనరుల విభాగం ఏ కంపెనీకీ ఇంకా దొరకలేదు. ఈ మండలంలోని కడవెండిలోనే 1946 జులై 4న జనం ఎదురుతిరిగి ఊరేగింపు తీస్తే, దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. పని గంటల మీద మా వైపు చర్చ అట్లా మొదలైంది.

ఇక 2025 వానకాలానికి వద్దాం. నాట్లు పడ్డాయి, యూరియా లేదు. ఉమ్మడి వరంగల్ అంతటా తెల్లారకముందే సొసైటీల ముందు లైన్లు. నిలబడి నిలబడి కాళ్లు గుంజిన రైతులు చెప్పులూ పాసుబుక్కులూ వరుసలో పెట్టి చెట్టు కిందికి చేరారు. మనిషి కదలకుండా పని జరగడమే ఆటోమేషన్ అయితే, దాన్ని మనం పైసా పెట్టుబడి లేకుండా సాధించినట్టే. ఆ చెప్పుల పని గంటల్ని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో కలపాలని నా మనవి. ఒక జత ఒక మనిషా, రెండు చెప్పులకూ రెండు హాజర్లా అన్నది ఆర్థిక సంఘం తేల్చాలి.

‘రైతులే ఎక్కువ చల్లుతున్నారు’ అని ఒక ఫిర్యాదు. అబద్ధమనను. 266 రూపాయల 50 పైసలకు బస్తా యూరియా ఇచ్చి, డీఏపీని 1,350 దగ్గర పెడితే చెయ్యి ఎటు పోతుంది? దానికీ ఢిల్లీ విరుగుడు కనిపెట్టింది. రైతు బస్తాల లెక్కన చల్లుతాడు కాబట్టి 2018లో 50 కిలోల బస్తాను 45 చేసింది. వరికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

కొరతకు కారణం అడిగితే కేంద్రం పంపలేదని రాష్ట్రం, పంపినా పంచడం చేతకాలేదని కేంద్రం. మధ్యలో బయటి నుంచి ఎరువు రాలేదని చైనా కూడా ఒక మాట పడింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యమున్న మన రామగుండం కర్మాగారమైతే సరిగ్గా పైరుకు అదును చూసుకుని ఆగస్టులో ఆగిపోయింది. దాని బద్ధకం మీద ఇప్పటిదాకా ఏ ఛైర్మనూ నోరు మెదపలేదు.