అమ్మ పెట్టా పెట్టదు... అడుక్కు తినా తిననివ్వదు!

అమెరికాలో సర్కారు షట్‌డౌన్ పుణ్యమా అని 2025 నవంబరులో 4 కోట్ల 20 లక్షల మంది పేదల ఆహార సాయానికి బ్రేకు పడింది.

కడుపులకు షట్‌డౌన్ బటన్ లేకపోవడమే వచ్చిన చిక్కు.

సాయం ఆగే ముందు రాత్రి, అక్టోబరు 31న, మార్-ఎ-లాగోలో ట్రంప్ గారి విందు. థీమ్: 'గ్రేట్ గాట్స్‌బీ'. ఆ నవల చివరిదాకా ఎవరూ చదివినట్టు లేదు.

పోనీలే పాపం అని కొన్ని దుకాణాలు ఆహార సాయం కార్డులున్న వాళ్లకు రాయితీ ఇస్తామన్నాయి.

అప్పుడు మేలుకుంది ఆ సాయాన్ని నడిపే వ్యవసాయ శాఖ. వాళ్లకు మాత్రమే రాయితీలిస్తే 'సమాన ఆదరణ' నిబంధనకు విరుద్ధమట!

నిజమే మరి. మాడే కడుపుకైనా, త్రేన్చే కడుపుకైనా టమాటా ధర ఒకటే ఉండాలి. సమానత్వం అంటే అదీ!

ఇంతలో కింది కోర్టు ఆగిన సాయాన్ని పూర్తిగా ఇమ్మంది. కొన్ని రాష్ట్రాలు చకచకా ఇచ్చేశాయి. సుప్రీంకోర్టు తాత్కాలికంగా ఆపిందో లేదో, ఇచ్చింది వెనక్కి తీసుకోండంటూ శాఖవారి ఫర్మానా.

తిన్న రొట్టెను ఏ పద్దు కింద కక్కించాలో మాత్రం అందులో రాయలేదు.

ఆఖరికి గంజి పోసింది ఇరుగుపొరుగే. ఫుడ్ బ్యాంకుల ముందు బారులు... అందులో జీతం రాని కేంద్ర ఉద్యోగులు కూడా!

43 రోజులకు షట్‌డౌన్ వీడింది.

అన్నట్టు, కాంగ్రెస్ సభ్యుల జీతాలకు షట్‌డౌన్ వర్తించదు.