నెమలి వంక చూడకండి

హైదరాబాదు కేబీఆర్ పార్కుకు తెల్లవారుజామున వచ్చే జనంలో అడవిని చూడ్డానికి వచ్చేవాళ్ళు బహు తక్కువ. షుగరు తగ్గించుకోవడానికి వస్తారు, డాక్టరు పోరు పడలేక వస్తారు, కోకాపేట భూముల వేలంలో ఎకరం ఎంతకు పోయిందో తేల్చుకోవడానికి వస్తారు. పక్క బండ మీద నెమలి పురి విప్పినా, ఆ ఎకరం సంగతి తేలేదాకా ఒక్కరూ తల తిప్పరు. ప్రకృతి ప్రేమికులకు ఇది చూస్తే ఒళ్ళు మండుతుంది. నేను మాత్రం ఆ వాకర్లకు దండం పెట్టాలంటాను. ఊరి నడిబొడ్డున, గజాల లెక్కన భూమి అమ్ముడుపోయే జూబ్లీహిల్స్‌లో, ఈ అడవి ఇంకా మిగిలి ఉందంటే దాన్ని పట్టించుకోనివాళ్ళ చలవే.

చరిత్ర కూడా నా పక్షమే. ఇక్కడి చిరాన్ ప్యాలెస్ ఏడో నిజాం మనవడు ముకర్రం జాది. ఆయన తర్వాత ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం పెట్టుకుని అటే వెళ్ళిపోయారు. ఆయన ఇక్కడే ఉండి ఆవరణను ముచ్చటగా తీర్చిదిద్దుకుని ఉంటే ముళ్ళ పొదల స్థానంలో గులాబీ తోటలు, బండల స్థానంలో ఫౌంటెన్లు వెలిసేవి. యజమాని దృష్టి గొర్రెల మీదికి మళ్ళడం వల్ల అలుగు, ముళ్ళపంది, పునుగుపిల్లి బతికి బట్టకట్టాయి. 1998లో ప్రభుత్వం దీన్ని జాతీయ పార్కు చేసింది. ఇక్కడి జంతువుల్లో చాలావరకు రాత్రిపూట తిరిగేవి, వాకర్లేమో పొద్దున తిరిగేవాళ్ళు. ఒకరికి నైట్ డ్యూటీ, ఒకరికి డే డ్యూటీ ఉన్న దంపతుల్లా వీళ్ళ కాపురం గొడవల్లేకుండా సాగుతోంది. ప్రేమ ముదిరితే ఏమవుతుందో ఘాట్ రోడ్ల మీది కోతులను అడగండి. భక్తులు బిస్కెట్లూ అరటిపళ్ళూ పెట్టీ పెట్టీ, కారు అద్దం ఎప్పుడు దిగుతుందా అని చూడటమే వాటి వృత్తి అయింది.

మరి 2016లో ఈ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టేస్తామన్నప్పుడు అడ్డుపడింది ప్రేమికులు కాదా అని అడగొచ్చు. కొందరు ప్రేమికులే, కాదనను. వాళ్ళ పక్కన నిలబడిన వాకర్లను కూడా లెక్కపెట్టండి మరి. జీవవైవిధ్యం మీది మమకారం సెలవురోజున పొంగి సోమవారానికి చల్లారుతుంది. రోజూ నడిచే దారి పోతుందన్న కడుపుమంట వారమంతా ఉంటుంది. కాగితం మీది రక్షణ ఏపాటిదో కూడా చూడాలి. 2020లో పార్కు చుట్టూ రక్షణగా ఖరారు చేసిన ఎకో సెన్సిటివ్ జోన్ వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లే. ఇద్దరు పెద్దమనుషులు చేతులూపుకుంటూ రాజకీయాలు మాట్లాడుకుంటూ నడిస్తే నిండిపోయే జాగా అది. అక్కడ ఆ పెద్దమనుషులే ప్రహరీ.

పిల్లలకు చెట్టూ చేమా తెలియకుండా పోతాయన్న బెంగ మాత్రం న్యాయమైనదే. రేల చెట్టేదో, మోదుగేదో తప్పకుండా చూపించండి. ఫోను మాత్రం జేబులోంచి తీయకండి. ఫోటో తీస్తే రీలవుతుంది, రీలయితే మర్నాడు ఆ చెట్టు కింద పట్టుచీరలతో ప్రీవెడ్డింగ్ షూట్ దిగుతుంది.

వాకర్లందరినీ వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఫోను స్పీకరులో భక్తిగీతాలు మోగిస్తూ నడిచేవాళ్ళను సమర్థించడం నా తరం కాదు. రాత్రంతా చీమల కోసం పుట్టలు తవ్వి అలుగు అప్పుడే కాస్త కన్ను మూసి ఉంటుంది. సుప్రభాతం పాడి లేపాల్సిన దేవుళ్ళ జాబితాలో దాని పేరు లేదు.