ఆకాశానికే నిబంధనలు

విమానాశ్రయమున్న శంషాబాద్‌లో ఆకాశానికున్న క్రమశిక్షణ నేలకు లేదు. మేడ నిర్ణీత ఎత్తు దాటాలంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నిరభ్యంతర పత్రం కావాలి. కావలసిందే, పైన పోయేవాళ్ల ప్రాణాలు తీపి. అదే మేడలో పదడుగుల గదిలో అయిదు మంచాలు ఇరికించి ‘ఫైవ్ షేరింగ్, వైఫై, మూడు పూటలా భోజనం’ అని బోర్డు కడితే మాత్రం టేపు పట్టుకుని ఒక్కడూ రాడు. ఆ మంచాల మీద పడుకునేవాళ్లు విమానం ఎక్కేవాళ్లు కారు మరి. అందులోకి సామాను ఎక్కించేవాళ్లు, కార్గోలో నైట్ డ్యూటీ చేసేవాళ్లు, క్యాబులు నడిపేవాళ్లు.

ఈ చుట్టుపక్కల అభివృద్ధి చూడమని హాడా అనే ప్రత్యేక సంస్థనే పెట్టారు. 2008 మార్చిలో విమానాశ్రయం తెరుచుకుంది. ఆ ఏడాదే హాడాను హెచ్‌ఎండీఏలో కలిపేసి చేతులు కడుక్కున్నారు. సుమారు 5,500 ఎకరాల్లో విమానాలు నిలపడానికి చోటుంది, కార్లు నిలపడానికి చోటుంది. మూడు షిఫ్టుల్లో పనిచేసేవాడికి నిద్ర కూడా వస్తుందని ప్లాను గీసినవాళ్లకు తట్టినట్టు లేదు. ఆ నిద్రనే ఇప్పుడు రాళ్లగూడ, సాతంరాయి, తొండుపల్లి మేడలవాళ్లు మంచానికింత అని అమ్ముకుంటున్నారు.

సర్కారుకు పట్టింపు లేదనకండి, పాపం. వందమందికి పైగా చేరే చోట కెమెరాలు పెట్టాలని 2013లోనే చట్టం చేసింది. కార్డన్ సెర్చ్ రోజు తెల్లవారకముందే తలుపు తట్టి ఆధార్ అడుగుతుంది. ఇంతమందికీ కలిపి బాత్రూములెన్ని అని మాత్రం అడగదు. ఆ కాలమ్ ఫారంలో లేదు. పన్నులవాళ్లు ఇంకా సూక్ష్మగ్రాహులు. నెలకు 20 వేలు దాటకుండా, ఎడతెగక 90 రోజులుంటేనే జీఎస్టీ లేదని 2024 జూన్‌లో జీఎస్టీ మండలి తేల్చింది. ఎనభయ్యో రోజున పనికి పెట్టిన ఏజెన్సీ పనిమానిపించి ఊరికి పంపితే, వాడు అద్దెకున్నవాడు కాడు, పన్ను కట్టవలసిన అతిథి!

తమిళనాడు ఆడవాళ్ల, పిల్లల హాస్టళ్లకు 2014లో చట్టం చేసుకుంది. బెంగళూరు నగరపాలిక 2024లో మనిషికి 70 చదరపు అడుగులు, రోజుకు 135 లీటర్ల నీళ్లు అని లెక్క కట్టింది. మనకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టముంది. అది ఇల్లు అద్దెకిచ్చే కాలానిది, మంచం అద్దెకిచ్చే కాలానిది కాదు. జంట జలాశయాల కోసం 1996లో తెచ్చిన 111 జీవో కూడా ఉండేది. 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది, కాగితం మీద.

ఇక ఈ హాస్టళ్ల మీద కాలనీ సంక్షేమ సంఘం పెట్టిన అర్జీ చదవాలి. బ్యాచిలర్ల వల్ల సంస్కృతి చెడిందట, బోర్లు ఎండాయట, డ్రైనేజీ పొంగుతోందట. చివరి రెండూ నిజమే. నలుగురుండే ఇంటికి వేసిన పైపులో నలభైమంది స్నానం నీళ్లు పోతే పొంగక ఏం చేస్తుంది? మిగిలిన నాలుగు కుటుంబాలూ ముక్కు మూసుకుని టూలెట్ బోర్డులు వెతుక్కుంటున్నాయి. దొరకవు. మూడు గదుల ఇల్లు కుటుంబానికిస్తే ఒక్క అద్దె, గదికి అయిదు మంచాలేస్తే పదిహేను అద్దెలు. సంస్కృతి మీద బెంగతో అర్జీపై మొదటి సంతకం చేసిన అధ్యక్షులవారు ఆ వీధిలో ఉండనే ఉండరు. వారి మేడలో హాస్టల్ నడుస్తోంది.

హాస్టళ్లకు కొత్తగా లైసెన్సు పెడతామంటే ఆయన సంతోషంగా ఒప్పుకుంటారు. ఆ ఫీజు ఎలాగూ మంచాల మీద వేసేస్తారు. మంచానికి ఇన్ని చదరపు అడుగులని ఒక్క వాక్యం రాసి చూడండి. స్టే కోసం హైకోర్టు మెట్లెక్కే మొదటి మనిషి ఆయనే.