పేరు గడి: ఒక అడ్మిషన్ రిజిస్టరు ఆత్మకథ

బడిలో చేరే ప్రతి బిడ్డ వివరాలనూ వరుస సంఖ్యతో ఎక్కించి పెట్టే పెద్ద పుస్తకాన్ని అడ్మిషన్ రిజిస్టరు అంటారు. కర్నూలు జిల్లా పడమటి అంచున, కౌతాళం మండలంలోని ఉరుకుందకు దాపున ఒక పల్లె బడి ఇనుప బీరువాలో ఉన్న ఈ రిజిస్టరు, తన గళ్లన్నింటిలోనూ ‘విద్యార్థి పేరు, ఇంటిపేరుతో సహా’ అనే గడి ఎలా నిండుతూ వచ్చిందో చెప్పడమే తన జీవితాన్ని చెప్పడమని భావిస్తుంది. రిజిస్టర్లకు ఉత్తమపురుషలో మాట్లాడే అలవాటు లేదు గనుక ఈ ఆత్మకథ కూడా ప్రథమపురుషలోనే సాగుతుంది.

ఈ పుస్తకం కుట్టు పడేనాటికి ఆ ప్రాంతం కొత్తగా చేతులు మారి ఉంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో భాగమై, ఆ తరువాత బళ్లారి జిల్లా కింద నడిచిన ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చి కర్నూలు జిల్లాలో కలవగా, బళ్లారి పట్టణం మైసూరు రాష్ట్రానికి పోయింది. మనుషులు ఉన్న ఊళ్లోనే ఉండి, మాట్లాడే తెలుగు, కన్నడం అలాగే ఉండి, కాగితం మీద మాత్రం హద్దు పడింది. ఆ మార్పు తరువాత కొద్దికాలానికే, గట్టి అట్టకు ఖాకీగుడ్డ అతికించి, అడ్డగీతల కాగితాలు కుట్టి తయారైన ఈ రిజిస్టరు బడికి చేరింది. వరుస సంఖ్య, చేరిన తేదీ, విద్యార్థి పేరు, తండ్రి లేదా సంరక్షకుడి పేరు, వృత్తి, మతం, కులం, మాతృభాష, పుట్టినతేదీ, ఒంటి మీది పుట్టుమచ్చలు, చేరిన తరగతి, బడి విడిచిన తేదీ అనే గళ్లు దీనికి పుట్టుకతో వచ్చిన అవయవాలు.

మొదటి పుటల నుంచే కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ రాసాగాయి. మగపిల్లల్లో ఈరన్న, ఉరుకుందు, నరసప్ప, రాఘవేంద్ర, ఖాదర్‌లింగ; ఆడపిల్లల్లో ఈరమ్మ, ఉరుకుందమ్మ, నరసమ్మ. ఈ పేర్ల వరుస ఆ సీమ పుణ్యక్షేత్రాల జాబితా అని చెప్పవచ్చు. రాఘవేంద్ర అన్న పేరు తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో 1671లో బృందావనస్థులైన మధ్వయతిని తలుస్తుంది. ఖాదర్‌లింగ అన్నది కౌతాళం దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసి చేసే ఉరుసును గుర్తు చేస్తుంది. ఉరుకుందు అన్న పేరు దేవుడిది కాదు, దేవుడున్న ఊరిది. శ్రావణమాసంలో, ముఖ్యంగా సోమవారాల్లో, ఉరుకుంద నరసింహస్వామి కొండంత జనాన్ని రప్పిస్తాడు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల నుంచి వచ్చిన కుటుంబాలు గుడి పరిసరాల్లోనే పొయ్యి వెలిగించి వండి నైవేద్యం పెడతాయి. బిడ్డలు లేనివారూ, పుట్టి దక్కనివారూ అక్కడ మొక్కుకుని, కలిగిన బిడ్డకు ఆ ఊరి పేరే పెట్టుకుంటారు. ఉమ్మడి కర్నూలు జిల్లా తూర్పు దిక్కున బేతంచెర్ల దగ్గరి మద్దిలేటి నరసింహస్వామి పేరున మద్దిలేటి అని పిల్లలను పిలవడం ఇలాంటి ఆచారమే.

ఉరుకుంద దేవుడిని జనం పిలిచే పేరు ఈరన్న. ఈ పేరు పుట్టుకను కొంచెం వివరించాలి. వీరన్న అనే పేరులోని మొదటి వకారం వాడుకలో జారిపోగా ఈరన్న నిలుస్తుంది. వీరభద్రుడు ఈరభద్రుడవడమూ ఇదే దారి. ఉత్తర కర్ణాటకలో వీరశైవ కుటుంబాల్లో ఈరణ్ణ అన్నది శివగణాల్లోని వీరభద్రుడి పేరుగా విరివిగా వినిపిస్తుంది. ఉరుకుందలో మాత్రం అదే పేరు విష్ణు అవతారమైన నరసింహుడికి అమరింది. రావిచెట్టు కింద తపస్సు చేసి నరసింహుడిలో ఐక్యమైన భక్తుడు ఈరన్న అని అక్కడి స్థలపురాణం చెబుతుంది. ఒకే పేరు తుంగభద్రకు అటు శైవమై, ఇటు వైష్ణవమై నడవగా, ఈ రిజిస్టరు పేరు గడిలో ఆ భేదానికి చోటు లేదు. రాయచూరు, సిరుగుప్ప, బళ్లారి, గద్వాల, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలను కలుపుతూ గీత గీస్తే లోపల పడే నేలంతా ఈరన్నల సీమే.

పిల్లవాడి పేరుకు తడుముకోనవసరం లేకపోయినా, దాని ముందు రాయవలసిన ఇంటిపేరు దగ్గర కలం ఆగేది. అలా ఆగిన ఒక ఉదయం ఈ రిజిస్టరు తెరిచి ఉండగా నడిచిన మాటలు ఇవి. హెడ్మాస్టరు “ఏమప్పా, మీ ఇంటిపేరేమి?” అని అడిగాడు. తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డ తండ్రి, “మాకు ఇంటిపేరేముంటాది సార్, మేము బోయోల్లం” అన్నాడు. “పిల్లోని పేరు?” “ఉరుకుందు సార్. ఈరన్నసామికి మొక్కుకుంటే పుట్టినాడు.” హెడ్మాస్టరు కలం సిరాలో ముంచి, ‘బోయ ఉరుకుందు’ అని రాశాడు. నాలుగు గళ్ల అవతల కులం అన్నచోట మళ్లీ ‘బోయ’ అని రాశాడు. ఒకే మాట ఒకే వరుసలో రెండుసార్లు పడింది. రెండోసారి అది కులం. మొదటిసారి అది ఆ క్షణాన పుట్టిన ఇంటిపేరు.

ఆ తండ్రి చెప్పింది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారిల దక్షిణ భారత కులాల సంపుటాలు బోయల్లో ఊరు బోయలు, మ్యాస బోయలు అనే రెండు శాఖలను పేర్కొని, వాటిలో ఒకదానితో ఒకటి పెళ్లి సంబంధం కలుపుకునే వంశాలు అనేకం ఉన్నాయని చెబుతాయి. ఒకే వంశంలోని వారు అన్నదమ్ముల వరుస అవుతారు గనుక ఆ వంశంలో పెళ్లి చేసుకోరు. కన్నడం మాట్లాడే చోట దీన్ని బెడగు అంటారు. అంటే ఇంటిపేరు చేయవలసిన ముఖ్యమైన పని, ఎవరు ఎవరికి వరుస అవుతారో చెప్పడం, వంశం పేరు మీద సాగుతూనే ఉంది. అది పెళ్లి మాటల్లో పెద్దల నోట బతికింది, బడి గడప దాటలేదు. గడిలోకి చేరిన బోయ అన్న మాటకు ఆ పని చేతకాదు. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఇద్దరూ బోయలే గనుక పెళ్లి తరువాత అమ్మాయి ఇంటిపేరు మారదు, వంశం మాత్రం మారుతుంది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో అత్తవారి ఇంటిపేరు తగిలించుకోవడం సాధారణమైన కాలంలో ఈ పుస్తకంలోని ఉరుకుందమ్మలు పుట్టింటి కాగితంతోనే అత్తింట్లో నడిచారు.

కురువ, ఈడిగ, వడ్డె, మాదిగ అన్న మాటలు కూడా ఇదే తీరున పేర్ల ముందు వచ్చి కూర్చున్నాయి. ఈ అలవాటుకు బడి ఒక్కటే కారణమనడం సరికాదు. దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఈ ప్రాంతంలో పాదుకొలిపిన రైతువారీ పద్ధతిలో, శిస్తు కట్టవలసిన రైతు పేరు నేరుగా లెక్కల్లో ఉండాలి. ఒకే ఊళ్లో అరడజను ఈరన్నలు ఉన్నప్పుడు వారిని వేరు చేయడానికి కులం, తండ్రి పేరు కరణాలకు దగ్గరి దారి. 1984లో ఆ వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినా, వారు రాసిన తీరు పట్టాదారు పాసుపుస్తకాల్లోకీ, ఓటర్ల జాబితాల్లోకీ నడిచి వచ్చింది. ఈ రిజిస్టరు ఆ దారిలో ఒక మజిలీ.

ఇదే సీమలో మరో తీరు కూడా ఉంది. నేతపనివారిలో ఇంటిపేర్లు గట్టిగా నిలిచాయి. 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పిన మాచాని సోమప్ప పేరులో మాచాని అన్నది కులం కాదు, ఇల్లు. మగ్గం, నూలు, అప్పు, సరుకు అన్నీ ఖాతాలకెక్కే వృత్తిలో ఏ ఇంటివారో చెప్పడం వ్యాపారానికి అవసరం. వానను నమ్ముకున్న చేనులో కూలి చేసేవాడికి ఆ అవసరం పడలేదు. ఇంటిపేరు ఉండడం, లేకపోవడం నాగరికతకు కొలత కాదని, ఎవరికి ఎవరితో ఖాతా ఉందో దాన్ని బట్టి పేర్లు కాగితమెక్కాయని ఈ పుస్తకం అనుభవం.

తండ్రి పేరు గడిలోనూ ఒక చరిత్ర దాగి ఉంది. బళ్లారి, ఆదోని ప్రాంతాల్లో కొన్ని కుటుంబాలు కొడుకు లేనప్పుడు ఒక కూతురిని బసివిగా దేవుడికి వదిలే ఆచారం ఉండేది. ఆమె పెళ్లి చేసుకోకుండా పుట్టింట్లోనే ఉంటుంది. ఆమె బిడ్డలు ఆమె తండ్రి వంశానికి చెందుతారు. పోలీసు అధికారి ఎఫ్. ఫాసెట్ 1891లోనే దీనిపై వ్యాసం రాశాడు. ఈ ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేసింది. అలాంటి తల్లి బిడ్డను బడికి తీసుకొచ్చినప్పుడు తండ్రి గడిలో తాత పేరు పడేది. వంశం లెక్కన అది సరైన సమాధానమే. బడి అడిగిన ప్రశ్నకు మాత్రం కాదు. తల్లి పేరుకు కూడా చోటిచ్చే కొత్త రిజిస్టర్లు తరువాతి తరానివి.

బోయ అన్న మాట వయసు ఈ పుస్తకం కంటే వెయ్యేళ్లకు పైగా ఎక్కువ. తూర్పు చాళుక్య సేనాని పండరంగడి అద్దంకి శాసనం, క్రీ.శ. 848 నాటిది, అతడు గెలిచిన పన్నెండు బోయ కొట్టాల గురించి చెబుతుంది. కొట్టం అంటే కోటలతో కూడిన చిన్న సీమ. ఆనాడు అధికారానికి గుర్తుగా ఉన్న మాట ఈనాడు రాష్ట్రం హద్దును బట్టి హోదా మార్చుకుంటుంది. హద్దుకు ఆవల, కర్ణాటకలో, అదే జనం నాయక, బేడ, వాల్మీకి అన్న పేర్లతో 1991 చట్ట సవరణ తరువాత షెడ్యూల్డు తెగల్లో ఉన్నారు. ఈవల, ఆంధ్రప్రదేశ్‌లో, వారు వెనుకబడిన తరగతుల ‘ఏ’ వర్గంలో ఉన్నారు. వాల్మీకి బోయలను తెగల జాబితాలో చేర్చాలని రాష్ట్ర శాసనసభ 2017 డిసెంబరులోనూ, 2023 మార్చిలోనూ తీర్మానించింది. 1953లో పడిన గీతకు ఆవల నాయక అని రాసుకున్న మేనమామ, ఈవల బోయ అని రాసుకున్న మేనల్లుడు ఒకే వంశాల లెక్కతో పిల్లనిచ్చి పుచ్చుకుంటున్నారు.

ఈ పుటల్లోని పిల్లలు పెద్దవారై చెదిరిన దారులు కూడా చెప్పుకోదగినవే. వానలు తప్పిన ఏడాది పల్లెకు పల్లె సుగ్గికి, అంటే కోతల కాలపు వలస కూలికి, గుంటూరు మిరప చేలకు కదిలిపోతుంది. బడి విడిచిన తేదీ గడిలో ఆ నెలల తేదీలు గుంపులుగా కనిపిస్తాయి. బెంగళూరు, హైదరాబాదు కట్టడాల పనికి వెళ్లినవారూ, చదువుకుని ఉద్యోగాల్లో చేరినవారూ ఆ పేర్లను వెంట తీసుకుపోయారు. పదో తరగతి ధ్రువపత్రంలో పేరు ఈ రిజిస్టరును చూసే రాస్తారు. ఆధారు, బ్యాంకు, పాసుపోర్టు ఆ ధ్రువపత్రాన్ని చూస్తాయి. పాసుపోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న ఒంటిపేరు ప్రయాణికులను పర్యాటక వీసాపై అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించినప్పుడు, ఇంటిపేరు లేని మనిషి ఉండడన్న ఊహ మరోసారి బయటపడింది. కొందరు తండ్రి పేరును ఆ గడిలో పెట్టి గట్టెక్కుతారు; అలా దేశం దాటిన తరువాత ఈరన్న అన్నది తరతరాల ఇంటిపేరవుతుంది.

పశ్చిమాఫ్రికాలోని ఘానాలో అకాన్ ప్రజల పేర్లు కూడా ఈ దారిలోనే నడిచాయి. అక్కడ బిడ్డ పుట్టిన వారాన్ని బట్టి పేరు వస్తుంది: శుక్రవారం పుట్టిన మగబిడ్డ కోఫీ, శనివారం పుట్టినవాడు క్వామే. ఎన్నో సంతానమో చెప్పే పేర్లూ ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫీ అన్నన్ పేరులో అన్నన్ అన్నది నాలుగో బిడ్డను సూచించే మాట. బానిసల వ్యాపారం ఈ పేర్లను అట్లాంటిక్ దాటించింది. మసాచుసెట్స్‌లో స్లోకమ్ అనే యజమాని ఇంట బానిసగా ఉండి విముక్తుడైన కోఫీ కొడుకు, 1759లో పుట్టిన నావికుడు పాల్, యజమాని ఇంటిపేరును వదిలి తండ్రి సొంత పేరునే ఇంటిపేరుగా పెట్టుకుని పాల్ కఫీ అయ్యాడు. వారం పేరు ఒక తరంలో వంశం పేరయింది. అతడు ఆ గడిని తానే నింపుకున్నాడు. ఉరుకుంద సీమలో దాన్ని ఎక్కువగా ఎదుటివాడి కలం నింపింది.

ఇప్పుడు బడి పిల్లల వివరాలు కంప్యూటరులోకి ఎక్కుతున్నా, పుట్టినతేదీ రుజువు కావాలన్నా, పేరులో అక్షరం తేడా వచ్చినా ఈ రిజిస్టరును బయటికి తీయక తప్పదు. ఆ పాత పుటల నుంచే దిగిన పేర్లతో ఓటర్ల జాబితాలను గుణించి, బోయ అన్న ఇంటిపేరు పశ్చిమ కర్నూలులో దట్టంగా, కర్ణాటక వైపు పల్చగా, కోస్తాలో అక్కడక్కడ ఉందని పటం గీసేవారికి ఇది చెప్పగలిగిన హెచ్చరిక ఒక్కటే. ఆ పటం చూపేది బోయలు ఎక్కడున్నారో కాదు. ఏ ఏ చోట్ల రాసేవాడు ఇంటిపేరు అడిగి, కులం విని, దాన్నే పేరు ముందు రాశాడో మాత్రమే. మనుషుల జాడ కావాలంటే పేరు గడిని దాటి పెళ్లి సంబంధాల లెక్కలోకి పోవాలి. ఆ లెక్క ఏ రిజిస్టరులోనూ రాయలేదు, ఊళ్లో పెద్దలను అడిగి తెలుసుకోవలసిందే.