మేస్త్రి బిల్లు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

పాత ఫ్లాటు కొంటి, భాగ్యమే యనుకొంటి,
పైపు కారె, గోడ పాచి పట్టె;
అద్దె వచ్చుననుచు నాశతో లెక్కింప
మేస్త్రి బిల్లు దాని మింగివేసె.

అవతారిక: చెన్నపట్నం టి. నగర్‌లో పాత ఫ్లాటు కొని, అద్దెకిచ్చి, ఆ అద్దె మీద కాలక్షేపం చేయగోరిన ఒకానొక గృహస్థు గోడు ఇది. కవి పేరు తెలియదు. సొసైటీ మీటింగులో నోటీసు వెనక రాసి పారేశాడని ఐతిహ్యం.

టీక: పాత ఫ్లాటు = ముప్పై ఏళ్లు నిండినది; కొంటి = కొన్నాను, అనగా బ్యాంకు కొన్నది, నేను కంతులు కడుతున్నాను; భాగ్యమే = పానగల్ పార్కుకు నడిచి వెళ్లవచ్చుననే సంతోషమే; అనుకొంటి = ఇంజనీరును అడగకుండానే అనుకున్నాను; పైపు కారె = కింది ఫ్లాటు వారి పూజగది కప్పు తడిసెను; గోడ పాచి పట్టె = సుగమము; అద్దె వచ్చుననుచు = పన్నెండు నెలలూ ఇల్లు ఖాళీ పడకుండా వచ్చునని; ఆశతో లెక్కింప = ఎక్సెల్ షీటు వేయగా; మేస్త్రి బిల్లు = తెల్లకాగితం మీద పెన్సిలుతో రాసినది; దాని = ఆ అద్దెను; మింగివేసె = మింగినది.

విశేషాలు: "పాచి" అన్నచోట స్థలపురాణం తెలియాలి. జస్టిస్ పార్టీ నాయకుడు, మనవాడు పిట్టి త్యాగరాయ చెట్టి పేర వెలసిన ఈ పేట 1920లలో లాంగ్ ట్యాంక్ అనే చెరువును పూడ్చి వేసినది. 2015 డిసెంబరులోనూ, 2021 నవంబరులోనూ నీళ్లు పాత చిరునామాకే వచ్చాయి. మూడో అంతస్తు వాడికి చెరువుతో ఏం పని అని పూర్వపక్షం. సంపు, మోటారు, లిఫ్టు గుంట కిందనే ఉంటాయి. మునిగినప్పుడు బిల్లు అన్ని అంతస్తులకూ ఎక్కుతుందని సమాధానం.

కవి చెప్పని దోషం మరొకటి ఉంది. శ్లాబు లోపలి ఇనుప చువ్వకు తేమ, ఉప్పుగాలి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటును పగలదోస్తుంది. బాల్కనీ కింద పెచ్చులు ఊడతాయి. మేస్త్రి సుత్తితో తట్టి, డొల్ల చప్పుడు విని, "సార్, పైపైన పూస్తే రెండేళ్లు, చువ్వ దాకా కొట్టి చేస్తే మళ్లీ పిలవక్కర్లేదు" అంటాడు. యజమానులు సాధారణంగా మొదటి పక్షం వారే.

బిల్లు ఎవరిది? తమిళనాడు 2017 అద్దె చట్టం ప్రకారం గోడల సున్నం, పైపులు, వైరింగు, కట్టడపు మరమ్మతులు యజమానివి. కుళాయి వాషరు, స్విచ్చి, తలుపు గొళ్లెం అద్దెదారువి. కవి దుఃఖం మొదటి జాబితాలోనిదే.

ఇక ఆదాయపు పన్ను శాఖ. అద్దెలో ఆస్తి పన్ను పోగా మిగిలినదానికి 30 శాతం మినహాయిస్తుంది. ఏడాదికి 4,00,000 మిగిలితే 1,20,000 పోతుంది. పైసా ఖర్చు పెట్టకపోయినా అంతే, ఐదు లక్షలు పెట్టినా అంతే. పూర్వం మరమ్మతులకని విడిగా ఆరోవంతు ఇచ్చేవారు. 2025 కొత్త చట్టంలోనూ ఈ 30 కదలలేదు. ఇల్లంటే మరమ్మతు ఉంటుందని పన్నుల వారికి తెలిసినంత కూడా కొన్నవాడి ఎక్సెల్ షీటుకు తెలియకపోవడమే ఇందలి చమత్కారం.

అమ్మేనాడు మరో మెలిక. ఉన్నదాన్ని బాగుచేస్తే మరమ్మతు, లేనిదాన్ని చేరిస్తే అభివృద్ధి. మూలధన లాభం లెక్కలో రెండోదే ఖరీదుకు కలుస్తుంది, అదీ రుజువుంటేనే. పెన్సిలు కాగితం రుజువు కాదు.

తాత్పర్యం: మేస్త్రిది తప్పు లేదు. పదేళ్లకోసారి వచ్చే ఖర్చును పదేళ్లకు పంచకపోవడం కవి తప్పు. వైరింగు, పైపులు, టెర్రసు మీద వాననీరు దిగకుండా వేసే వెదరింగ్ కోర్సు కలిపి పదేళ్లకు 4,00,000 అవుతుందనుకుంటే ఏటా 40,000. అద్దె నెలకు అంతే అయితే, ఏడాదికి పదకొండు నెలల అద్దే మనది. ఏమీ చెడని ఏడు కూడా ఆ పన్నెండో నెలను పక్కన పెట్టాల్సిందే.

ఫలశ్రుతి: ఈ పద్యం చదివినవారు ఫ్లాటును ఎండాకాలంలో చూసి బయానా ఇవ్వరు. తమిళ నెలలైన ఐప్పసి, కార్తికైలలో వాన పడుతుండగా వెళ్లండి. సొసైటీ వారి ఐదేళ్ల జమాఖర్చుల పుస్తకం అడగండి. చూపించకపోతే బేరం అక్కడితో ఆపండి.